మాటలాడని బిడ్డయు మన సంఘమును



మన పల్లె సంఘములలో ఒక బిడ్డ కలడు. వాని పేరు సంఘపు పుస్తకములో వ్రాయబడియున్నది. ప్రతిష్ఠించిన దినమున పెద్దలందరు వానిని ఎత్తుకొని ముద్దాడిరి. అయితే మూడు నాలుగు ఏండ్లు గడచిన తరువాత ఆ బిడ్డ ఆదివారము గుడిలో కనబడుట లేదు. తల్లి ఒక్కతెయే వచ్చి, వెనుక ద్వారము చెంత కూర్చుండి, ఆశీర్వాదము ముగియక మునుపే లేచిపోవును. "బాబు ఏడి, అమ్మా?" అని అడిగినయెడల ఆమె తల వంచుకొని, "వానికి బాగలేదు అయ్యగారూ" అనును. ఏమి బాగలేదో ఆమె చెప్పదు. చెప్పుటకు ఆమెకు పేరు తెలియదు. తెలిసినవారు చెప్పిన పేర్లన్నియు ఆమెను గాయపరచినవే.

ఆ స్థితికి వైద్యులు పెట్టిన పేరు ఆటిజము. దానిని గూర్చి మన సంఘములు తెలిసికొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను వైద్యుడను కాను. వేదాంత పాఠశాలలో నాకు గ్రీకు, హెబ్రీ అక్షరములు నేర్పిరి గాని ఈ సంగతి ఎవరును నేర్పలేదు. దీనిని నేను సోమశిలలో ఒక బాలుని యొద్దను, వాని తలిదండ్రుల యొద్దను, వారితో కూడ వైద్యుల గుమ్మములయొద్దను నేర్చుకొంటిని.

సోమశిల నాగర్‌కర్నూలు జిల్లాలో, కొల్లాపూరు మండలమున, కృష్ణానది ఒడ్డున ఉన్నది. శ్రీశైలము జలాశయపు నీరు వచ్చి నిలిచినప్పటినుండి ఈ ప్రాంతపు ప్రజలకు నది నది కాదు, సముద్రమే. వర్షకాలపు వరదలో నీరు ఊరి దాపునకు వచ్చును, వేసవిలో వెనుకకు తగ్గి బురదను, రాళ్లను చూపును. పుట్టి మీద వెళ్లి వల వేసి చేపలు పట్టువారు అక్కడ అనేకులు. నేను చెప్పు బాలుడు అట్టి కుటుంబములోనివాడు. వాని పేరు వ్రాయను. అట్టి బిడ్డ ప్రతి మండలములోను ఉన్నాడు.

వాడు పుట్టినప్పుడు ఏ లోపమును కనబడలేదు. బరువు సరిగానే ఉండెను, నడక వేళకే వచ్చెను. సంవత్సరము నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిచినయెడల తిరిగి చూచును గదా! వీడు చూడలేదు. చెవుడేమో అని అనుకొనిరి. అయితే పక్కింటిలో బిస్కెట్టు కాగితము గలగలలాడిన చాలును, వీడు పరుగెత్తును. ఆ యీడు బిడ్డ ఆకాశములో చందమామను చూచి వ్రేలు చాపి, తిరిగి తల్లి ముఖము చూచును. "నేను చూచినది నీవును చూడుము" అనుటయే దాని అర్థము. వీడు వ్రేలు చాపలేదు. ఏదైన కావలసినప్పుడు తల్లి చేతిని పట్టి, ఒక కర్రను ఈడ్చినట్టు ఈడ్చుకొనిపోయి, దాని మీద పెట్టెను. వచ్చిన రెండు మూడు మాటలు కూడ రెండవ ఏట పోయినవి. నాయనమ్మ, "వాళ్ల నాయినకు గూడ నాలుగేండ్లకు మాటలొచ్చినయ్, వస్తయ్ తియ్" అనెను. ప్రేమతోనే అనెను గాని ఆ మాట మీద రెండేండ్లు గడచిపోయెను.

ప్రియులారా, బిడ్డ పెరుగుదల యనగా ఎత్తు, బరువు మాత్రమే కాదు. పాలు త్రాగునప్పుడే బిడ్డ తల్లి ముఖమును చదువును. ఆమె నవ్వగా నవ్వును, ఆమె చూచిన వైపు చూచును, ఆమె పలికిన ధ్వనిని పలుకును. మాట, ఆట, స్నేహము, బుద్ధి అన్నియు ఈ చిన్న పాఠశాలలోనే మొదలగును. ఆటిజము గల బిడ్డ మెదడు గర్భములో ఉన్నప్పటినుండియే వేరొక రీతిగా అల్లబడుచుండును. కావున ఈ మొదటి పాఠశాలలో వానికి పాఠము సరిగా అందదు. ముఖముకంటె తిరుగుచున్న చక్రము వానిని ఎక్కువగా పిలుచును. ఇతర బిడ్డలు చూచి నేర్చుకొనుదానిని వానికి చిన్న చిన్న ముక్కలుగా చేసి, మరల మరల నేర్పవలసియుండును. ఆలస్యమైనకొలది వెనుకబాటు పెరుగును. అందుచేతనే తొలి అయిదేండ్లు మిక్కిలి విలువైనవి.

అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండుగురు బిడ్డలను గూర్చి వ్రాసి ఈ స్థితిని లోకమునకు తెలియజేసెను. ఇది ధనవంతుల వ్యాధి కాదు, పట్టణపు వ్యాధి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021వ సంవత్సరమునకు వేసిన లెక్క ప్రకారము సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజము కలదు. బాలురలో ఎక్కువగా గుర్తింపబడుచున్నది. బాలికలు నెమ్మదిగా ఒదిగియుండుటచేత అనేకసార్లు మన కన్ను కప్పిపోవుదురు. అందరు ఒకే విధముగా ఉండరు. కొందరు జన్మమంతయు మాటలాడరు. కొందరు చక్కగా చదివి ఉద్యోగములు చేయుదురు, అయినను ఎదుటివాని మనస్సు ముఖము చూచి గ్రహించుట వారికి కష్టము.

మాట వచ్చిన బిడ్డలలో కూడ ఒక వింత కనబడును. మన బాలుడు నాలుగున్నర ఏండ్లప్పుడు తల్లి యొద్దకు వచ్చి, "నీకు అన్నం కావాల్నా?" అని అడుగ నారంభించెను. ఇంటివారు నవ్విరి. నిజమునకు వానికే ఆకలి. ఆకలి వేసినప్పుడెల్లను తల్లి "నీకు అన్నం కావాల్నా?" అని అడుగుచుండెను గనుక, అన్నము వచ్చుటకు పలుకవలసిన మాట అదే అని వాడు ఎంచెను. "నేను", "నీవు" అను మాటలు పలుకువానిని బట్టి మారునని మన బిడ్డలు ఎవరును చెప్పకయే గ్రహింతురు. వీనికి అది గ్రహింపునకు రాలేదు. అది తెలిసిన దినమున తల్లి నవ్వుట మాని, వాని చేతిని వాని రొమ్ము మీద పెట్టి, "నాకు అన్నం కావాలె" అని నేర్ప మొదలుపెట్టెను.

ఇక గుడి సంగతి చెప్పెదను. మన గుడులు చిన్నవి, మన మైకులు పెద్దవి. డోలకు, తాళములు, చప్పట్లు అన్నియు ఒక్కసారి మ్రోగగానే ఆ బాలుడు చెవులు మూసికొని, నేల మీద పడి, తల కొట్టుకొని కేకలు వేసెను. రెండు మూడు ఆదివారములు ఇట్లు జరుగగా, "దేవుని పాట వానికి పడ్తలేదు, లోపల సైతానున్నది" అని కొందరు గుసగుసలాడిరి. ఆటిజము గల అనేక బిడ్డల చెవులకు, చర్మమునకు, కన్నులకు మనకంటె ఎక్కువ తగులును. మనకు పాటగా వినబడునది వానికి చెవిలో సూది గ్రుచ్చినట్లుండును. ఒక శనివారము ఖాళీ గుడిలో నేను మైకు లేకుండ, తాళము లేకుండ, ఆ పాటనే మెల్లగా పాడితిని. వాడు వచ్చి నా మోకాలి ప్రక్క కూర్చుండి, పాట ముగియువరకు ఊగుచుండెను. సైతానునకు మైకు ఉన్న పాట మాత్రమే పడదా? అటుతరువాత పెద్దలతో మాటలాడి మైకు సగమునకు తగ్గించితిమి. ముసలివారు కూడ సంతోషించిరి.

అయితే అంతకు మునుపే ఆ తలిదండ్రులు చాల దూరము నడచియుండిరి. ఒకరు వాతలు పెట్టుమనిరి, ఒకరు తాయెత్తు కట్టిరి. చివరకు ఒక పట్టణములోని స్వస్థత కూడికకు వెళ్లిరి. ఆ స్థలము పేరు చెప్పుట నా ఉద్దేశము కాదు. అక్కడ బిడ్డను పదునాలుగు దినములు ఉంచి, ఉపవాసము చేయించి, తుదకు, "తల్లిలో ఒప్పుకొనని పాపమున్నది, అందుచేత విడుదల రాలేదు" అని పంపివేసిరి. ఆమె ఆ రాత్రియే మా ఇంటికి వచ్చి, గడప మీద కూర్చుండి, "అయ్యగారూ, నేనేం పాపం జేసిన? చెప్పుండ్రి, ఒప్పుకుంట. నా పిల్లగాడు మాట్లాడితే సాలు" అనెను. ఆమె నిద్రలేని కన్నులు నేను మరువలేను. చేయని పాపమును ఒప్పుకొనుటకైనను సిద్ధపడిన తల్లి ఆమె!

సహోదరులారా, పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మీకు తెలియును. వీడు చేసిన పాపమా, కన్నవారు చేసిన పాపమా అని వారు అడిగిరి. ప్రభువు ఆ రెంటిలో దేనినియు అంగీకరింపక, దేవుని క్రియ వానియందు కనబడవలెనని చెప్పి, వెంటనే పనికి పూనుకొనెను. నేను ఆమెకు ఆ అధ్యాయమునే చదివి వినిపించితిని. ఆ ప్రశ్నను శిష్యులు వేసిరి, మనమును వేయుచున్నాము, ప్రభువు మాత్రము వేయలేదు అని చెప్పితిని.

తల్లిని నిందించుట పల్లె మూఢత్వము మాత్రమే అని తలంపకుడి. పండితులును అదే చేసిరి. బ్రూనో బెటెల్‌హీమ్ అను ఆయన 1967లో ఒక పెద్ద గ్రంథము వ్రాసి, తల్లి ప్రేమ చల్లారుటచేతనే బిడ్డ ఇట్లగునని లోకమును నమ్మించెను. దేశదేశముల తల్లులు ఆ మాట క్రింద నలిగిరి. ఆ నింద వేయుటకు చదువు అడ్డురాలేదు, దానిని తీసివేయుటకు సత్యము కావలసివచ్చెను. బెర్నార్డ్ రిమ్లాండ్ అను తండ్రి, తన కుమారునికే ఆటిజము ఉండగా, 1964లోనే ఇది మెదడుకు సంబంధించినదని వ్రాసియుండెను. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అను వారు కవలలను పరీక్షించి, ఇందులో వంశపారంపర్యమునకు గొప్ప పాలు కలదని చూపిరి. నేడు వైద్యులు అనేక జన్యువులు ఇందులో చేరియున్నవని చెప్పుచున్నారు. టీకాలవలన వచ్చునని 1998లో ఇంగ్లండులో ఒక వైద్యుడు వ్రాసినది తప్పని తేలి, 2010లో ఆ పత్రిక దానిని వెనుకకు తీసికొనెను. కావున తల్లులారా, టీకాలు మానకుడి, మిమ్మును మీరు నిందించుకొనకుడి.

ఆ తలిదండ్రులను మేము మొదట కొల్లాపూరు ప్రభుత్వ వైద్యుల యొద్దకును, తరువాత సికింద్రాబాదు మనోవికాస్ నగరులోని జాతీయ సంస్థకును పంపితిమి. మానసిక ఎదుగుదల తగ్గినవారి కొరకు 1984లో స్థాపింపబడిన ఆ సంస్థయే మన దేశపు బిడ్డలలో ఆటిజమును కొలుచుటకు 40 అంశములు గల పరీక్షను తయారుచేసినది. సోమశిల నుండి సుమారు 180 కిలోమీటర్ల ప్రయాణము, ఒక దినపు వేట పోయినట్లే. అయినను వారు వెళ్లిరి. అక్కడ బిడ్డకు మందు ఇచ్చి పంపుదురని తండ్రి ఆశించెను. ఆటిజమును మాన్పు మందు ఏదియు లేదు. ఉన్నది నేర్పు. చూచిన పనికి, పలికిన ధ్వనికి వెంటనే సంతోషము చూపుట, ఒకే వేళకు ఒకే పని చేయుట, బొమ్మల చీటీలతో అడుగ నేర్పుట, ఇవి వారు తల్లికి నేర్పిరి. మూర్ఛలు వచ్చినచో మాత్రము తప్పక మందు కావలెనని చెప్పిరి. ఆటిజము గలవారిలో మూర్ఛలు ఇతరులకంటె ఎక్కువగా వచ్చును. మూర్ఛ వచ్చిన బిడ్డను ప్రార్థన పేరిట ఆసుపత్రికి దూరము చేయుట ప్రాణాపాయము.

బొమ్మల చీటీలు చూపిన యెడల మాట రాక పోవునేమో అని తండ్రి భయపడెను. అట్లు కాదని అక్కడివారు ధైర్యము చెప్పిరి. నేనును వానికి మోషేను జ్ఞాపకము చేసితిని. తన నోరు మాంద్యము గలదని మోషే చెప్పగా, దేవుడు వానిని త్రోసివేయలేదు, వాని ప్రక్కన అహరోనును నిలిపెను. ఈ చీటీలే నీ కుమారునికి అహరోను అంటిని. నీళ్ల చెంబు బొమ్మ, అన్నపు పళ్లెము బొమ్మ, పుట్టి బొమ్మ తల్లియే పెన్సిలుతో గీసెను. మూడు నెలలలో కేకలు సగమునకు తగ్గినవి. చెప్పుకొనుటకు దారిలేని ఆకలియే అంతవరకు కేకగా వచ్చుచుండెను.

ఇప్పుడు మిక్కిలి భయము గొల్పు సంగతి వ్రాసెదను. ఇట్టి బిడ్డలు చెప్పకుండ ఇల్లు విడిచిపోవుదురు. 2012లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో ఆటిజము గల బిడ్డలలో సుమారు సగముమంది నాలుగేండ్లు దాటిన తరువాత ఒకసారియైనను ఇట్లు వెళ్లిపోవుటకు ప్రయత్నించిరని తేలెను. అట్టివారిని నీరు పిలుచును. నీటి మీది వెలుగు, అలల కదలిక వారికి ఎంతో ఇష్టము. లోతు అనగా ఏమో వారికి తెలియదు, పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడరు. "వానికి నీళ్లంటే పానం అయ్యగారూ" అని తల్లి అనుచుండెను. ఒక సాయంకాలము వాడు రొమ్ములోతు నీటిలో నిలిచి, చేతితో నీటిని తట్టుచుండగా, ఒడ్డుకు వచ్చుచున్న పుట్టివాడు చూచి ఎత్తుకొని వచ్చెను. ఆ పుట్టివాడు మన సంఘస్థుడు కాడు, మన మతస్థుడును కాడు. ఆ రాత్రి తండ్రి బిడ్డ కాలికి తాడు కట్టి మంచపు కోడుకు ముడివేసెను. క్రూరుడై కాదు, భయపడి.

తాడు విప్పవలెను, బిడ్డయు బ్రదుకవలెను. ఇదియే మా యెదుటనున్న ప్రశ్న. ఊరి పెద్దలు, పుట్టివాండ్రు, అంగడివాడు, అంగన్‌వాడీ ఉపాధ్యాయిని ఒక దినము కూడిరి. తలుపునకు పైన, బిడ్డ చేతికి అందని ఎత్తున గొళ్లెము పెట్టించిరి. చొక్కా లోపల తండ్రి ఫోను నంబరు కుట్టించిరి. వాడు ఒంటరిగా ఒడ్డు వైపు పోవుట ఎవరు చూచినను, కేకలు వేయక, వెనుకనుండి తరుమక, ముందుకు వచ్చి చేయి పట్టుకొని ఇంటికి తేవలెనని ఒప్పందము చేసికొనిరి. తప్పిపోయినచో మొదట నీటి యొద్దనే వెదకవలెను, తరువాతనే బంధువుల ఇండ్లు. పినతండ్రి ప్రతి ఉదయము వానిని లోతులేని రేవునకు తీసికొనిపోయి ఈత నేర్పెను. ఏడాదిన్నర పట్టెను. నేడు వాడు ఈదును. అయినను ఊరి కన్ను వాని మీదనే ఉన్నది. ఈత వచ్చినను కాపలా మానరాదు.

ఇట్టి బిడ్డ పెద్దవాడై ఏమగును అని మీరు అడుగుదురు. కానర్ వ్రాసిన పదునొకండుగురిలో మొదటివాడు డోనాల్డ్ ట్రిప్లెట్, మిసిసిపి రాష్ట్రములోని ఫారెస్ట్ అను చిన్న ఊరివాడు. మూడేండ్లవాడై యుండగా వానిని ఒక సంస్థలో విడిచిరి. సుమారు ఏడాదికి తలిదండ్రులు వానిని తిరిగి ఇంటికి తెచ్చిరి. తరువాత కొన్ని ఏండ్లు వాడు ఒక వ్యవసాయదారుని ఇంట పెరిగెను. వానికి లెక్కించుట పిచ్చి. ఆ రైతు దానిని మాన్పలేదు. మొక్కజొన్న సాళ్లను లెక్కించుము, లెక్కించుచు దున్నుము అనెను. బావి త్రవ్వునప్పుడు దాని లోతు కొలుచు పని ఇచ్చెను. ఆ బిడ్డ దున్న నేర్చెను. పెద్దవాడై చదివి, బ్యాంకులో అనేక సంవత్సరములు పనిచేసి, ఒంటరిగా దేశదేశములు తిరిగి, 2023లో 89 ఏండ్ల వయస్సున మరణించెను. వాని ఆటిజము పోలేదు. ఆ ఊరివారు వానిని తమవానిగా ఎంచిరి. అందరు డోనాల్డ్ వంటివారు కాజాలరు. అయితే ఆ రైతు చేసినట్లు చేయుటకు మనకు కాలేజీ చదువు అక్కరలేదు.

మన సోమశిల బాలునికి ఇప్పుడు తొమ్మిదేండ్లు. వాడు వస్తువులను వరుసలో పెట్టుటయందు ఆసక్తి గలవాడు. మునుపు చెప్పులను, రాళ్లను వరుస పెట్టగా ఇంటివారు చెదరగొట్టుచుండిరి, వాడు ఏడ్చుచుండెను. ఇప్పుడు తండ్రి వల బాగుచేయునప్పుడు బెండ్లును, గుండ్లును వాని ముందు పోయును. వాడు వాటిని పరిమాణమును బట్టి వేరుచేసి, సమానమైన ఎడముతో పేర్చును. పగిలిన బెండు ఒకటి ఉన్నను తీసి పారవేయును. తండ్రి నాతో, "అయ్యగారూ, నాకంటె మంచిగ జేస్తడు" అనెను. ఆ తండ్రి తన కుమారుని గూర్చి గర్వముగా మాటలాడుట నేను వినుట అదే మొదటిసారి. వాడు ఇంకను పది పదునైదు మాటలే పలుకును. బడిలో ఇతరులతో సమానముగా లేడు. కొన్ని రాత్రులు నిద్రపోడు. తల్లి అలసియున్నది. ఈ సంగతి దాచి మీకు అద్భుతకథ చెప్పను.

కావున మన సంఘములకు నా మనవి యిది. ఏడాది నిండిన బిడ్డ పేరు పిలిచిన తిరిగి చూడకున్నను, ఏడాదిన్నరకు వ్రేలితో చూపకున్నను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకకున్నను, వచ్చిన మాట పోయినను, "వస్తయ్ తియ్" అని ఊరకుండకుడి. అంగన్‌వాడీకి వచ్చు ప్రభుత్వ బాలల ఆరోగ్య బృందమునకు చూపుడి. ఈ పథకము 2013 నుండి నడుచుచున్నది, పదునెనిమిదేండ్లలోపు వారందరికి వర్తించును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము పేరు స్పష్టముగా వ్రాయబడియున్నది. వైకల్య ధృవపత్రము పొందుట అవమానము కాదు, బిడ్డ హక్కు. అనేక మండలములలో భవిత కేంద్రములున్నవి, బడిపంతులును అడుగుడి. గ్రామములో చదువు వచ్చిన యౌవనస్థులు ఆ తలిదండ్రులతో కూడ కార్యాలయమునకు వెళ్లి కాగితములు నింపుడి. అదియు పరిచర్యయే.

స్త్రీల సమాజమువారికి ఒక మాట. వారమునకు ఒక మధ్యాహ్నము ఆ బిడ్డను మీరు చూచుకొనుడి, తల్లిని నిద్రపోనిండు. వాని అక్కను గూడ మరువకుడి. ఇంట అందరి కన్ను తమ్ముని మీద ఉండగా ఆ పిల్ల మౌనముగా పెద్దదైపోవుచున్నది.

స్వస్థత కొరకు ప్రార్థింపవద్దని నేను చెప్పుట లేదు. నేను ప్రతిదినము ప్రార్థించుచున్నాను. అయితే మన ప్రార్థన ఆ తల్లి మీద బరువు దించవలెను గాని ఎత్తరాదు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చి, ఇంటి కప్పు విప్పి దించిరి గదా! ఆ రోగిని మీ పాపమేమని వారు త్రోవలో అడిగినట్లు సువార్తలో లేదు. నలుగురు నాలుగు మూలలు పట్టిరి.

వచ్చు ఆదివారము మీ గుడిలో మైకు కొంచెము తగ్గించుడి. ద్వారము చెంత గాలి వచ్చుచోట ఒక చాప పరచి, ఆ తల్లి యింటికి వెళ్లి, బిడ్డను తీసికొని రమ్మని పిలువుడి. వాడు ఊగినను, లేచి తిరిగినను, ప్రసంగము మధ్య కేక వేసినను ఎవరును వెనుకకు తిరిగి చూడకుడి.